నిటారుగా నిలబడ్డ ముద్ర

ఇనామి హత్సునొ నోరు విప్పలేదు.

రెండు రోజులుగా ఇదే వరస. టొయామా పోలీసు స్టేషన్ విచారణ గదిలో, బల్లకి అవతల, ఒళ్ళో చేతులు పెట్టుకుని కుక్కిన పేనులా కూర్చుంది. పేరు అడిగితే చెప్పింది. యుకిమిదాయ్ ఆసుపత్రిలో కొత్త మందుల ట్రయల్స్‌కి కోఆర్డినేటర్ నర్సుగా పనిచేస్తున్నానని చెప్పింది. డాక్టర్ సోగావాని మెట్ల మీంచి తోసింది మీరేనా అని అడిగితే మాత్రం బల్ల మీది గీతల్ని చూస్తూ ఉండిపోయింది.

డిటెక్టివ్ హమాతాని మినె ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో రకరకాల మౌనాలు చూసింది. భయంతో మాట రానివాళ్ళని చూసింది, పొగరుతో పలకనివాళ్ళని చూసింది, లాయరు నేర్పితే బిగుసుకున్నవాళ్ళనీ చూసింది. ఈమె వాళ్ళెవరిలానూ లేదు. పొయ్యి మీంచి గిన్నె వట్టి చేతుల్తో దించేసి, కింద పెట్టడానికి చోటు దొరక్క ఓర్చుకుంటున్న మనిషిలా ఉంది. ఆ ఓర్పు ఎవరికోసమో తెలిస్తే కేసు సగం తేలిపోతుందని మినెకి అనిపించింది.

“ఇనామి-సాన్, సాయంత్రం ఐదింటికి మిమ్మల్ని ప్రాసిక్యూటర్‌కి అప్పగించేస్తారు. ఆ గడప దాటాక నేను చెయ్యగలిగిందేమీ ఉండదు. మీ ఆయన అదే ఆసుపత్రిలో నాలుగో అంతస్తులో మంచం మీద ఉన్నాడు కదా. మీరు జైలుకెళ్తే ఆయన గతేంటి?”

హత్సునొ తలెత్తింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

“మందు ఆగకపోతే చాలు. ఆయన బతుకుతాడు.”

అంతే. మళ్ళీ తల దించేసుకుంది. రెండు రోజుల్లో పేరూ ఉద్యోగం కాకుండా ఆమె చెప్పిన మాట అదొక్కటే.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ కజియామా వచ్చాడు. హెడ్‌క్వార్టర్స్ నుంచి దిగిన మనిషి. మినె కంటే పన్నెండేళ్ళు చిన్న, హోదాలో రెండు మెట్లు పైన. చొక్కా మీద ముడత ఉంటే నేరం ఒప్పుకున్నట్టు అన్నంత శుభ్రంగా ఉంటాడు. మినెని కారిడార్‌లోకి రమ్మని సైగ చేశాడు.

“హమాతాని-సాన్, ఇంకా బుజ్జగిస్తూనే ఉన్నారా? ఏడుపు మొహాలకి టీ ఇచ్చి కూర్చోబెట్టడం మీ స్టేషన్ పద్ధతేమో. మా దగ్గర సాక్ష్యం చూస్తాం.”

“చూడండి. నేను వద్దన్నానా? కాస్త నాక్కూడా చూపించండి.”

కజియామా నిట్టూర్చి, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. లివర్ గట్టిపడే జబ్బుకి ఒక కంపెనీ కొత్త మందు తయారుచేసింది. దాన్ని ఫిబ్రవరి చివరి నుంచి యుకిమిదాయ్ ఆసుపత్రిలో రోగుల మీద పరీక్షిస్తున్నారు. రెండేళ్ళ కిందటే అదే మందుని అదే కంపెనీ లావోస్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో పరీక్షించింది. కానీ ఆ సంగతి ట్రయల్స్‌ని నమోదు చేసే ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కలేదు. ఆ పాత ట్రయల్‌ని నమోదు చేసే పూచీ సోగావాదీ ఇనామిదీ అని ఫిబ్రవరి పన్నెండు తేదీతో ఒక కాగితం ఉంది. దాని మీద ఆసుపత్రి వాళ్ళు నలుగురు సంతకాల బదులు తమ పేరు ముద్రలు వేశారు. ఇనామి ఆ పని చెయ్యలేదు. సోగావా పై వాళ్ళకి చెప్పబోయాడు. సోమవారం రాత్రి ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఆయన అత్యవసర మెట్ల మీంచి పడి చచ్చిపోయాడు. అదే సమయంలో ఆమె ఆ మెట్ల దగ్గర ఏడుస్తూ కనబడింది. బుధవారం ఆమె లాకర్ తెరిస్తే కాగితం బయటపడింది.

“లాకర్ చూడమని ఎవరన్నారు?”

“షిమొజో-సాన్. ఆసుపత్రి డిప్యూటీ డైరెక్టర్. బాధ్యత తెలిసిన మనిషి కాబట్టి అన్నాడు.”

“తన పరువు పోయే కాగితాన్ని చింపెయ్యకుండా లాకర్‌లో భద్రంగా దాచుకుందా ఈవిడ?”

“నేరస్థులు తెలివైనవాళ్ళైతే మన ఉద్యోగాలు ఉండవు” అన్నాడు కజియామా. “ఐదింటికి బండి వస్తుంది. ఈలోగా మీకేమైనా ముచ్చట ఉంటే తీర్చుకోండి.”

మినె ఆ కాగితం నకలు మడిచి కోటు జేబులో పెట్టుకుని బయల్దేరింది.

షిమొజో గదిలో అభినందన కుండీల్లో పూలు ఇంకా వాడలేదు. తెల్ల ఆర్కిడ్లు, ఒక్కోదానికి పంపినవాళ్ళ పేరుతో చెక్కముక్క. అన్నిటికంటే పెద్ద కుండీ ఆ మందు కంపెనీది. తలుపు మీద డిప్యూటీ డైరెక్టర్ అన్న పలక కొత్తగా మెరుస్తోంది. ఏప్రిల్ ఒకటో తేదీ దాకా ఆయన ట్రయల్స్ విభాగంలో ఆఫీసు మేనేజరు.

మనిషి మెత్తగా ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. టీ స్వయంగా పోశాడు.

“సోగావా సెన్సెయ్ పోవడం మాకు తీరని లోటు” అన్నాడు, డాక్టర్లకి తగిలించే ఆ గౌరవపదాన్ని నొక్కి పలుకుతూ. “ఇనామి-సాన్ అలా చేసిందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. పాపం, ఇంట్లో కష్టాలు.”

“సోమవారం రాత్రి మీరెక్కడున్నారు?”

“కొత్తగా చేరినవాళ్ళకి విందు. ఎదురు వీధిలోనే. నలభైమంది ఉన్నారు, అడగండి.”

“మధ్యలో బయటికి వెళ్ళలేదా?”

“సిగరెట్టుకి వెళ్ళాను. అది కూడా నేరమైతే ఒప్పుకుంటాను” అని నవ్వాడు.

మినె నవ్వలేదు. కాగితం నకలు ఆయన ముందు పరిచింది. అడుగున వరసగా నాలుగు గళ్ళు. ఎడమ చివర డైరెక్టర్, తర్వాత ట్రయల్ డాక్టర్ సోగావా, తర్వాత ఆఫీసు మేనేజర్ షిమొజో, కుడి చివర కోఆర్డినేటర్ ఇనామి. ప్రతి గడిలోనూ ఎర్రటి గుండ్రటి పేరు ముద్ర.

“ఇందులో ఇది మీ ముద్రేనా?”

“నాదే.”

“ఎప్పుడు వేశారు?”

“తేదీ ఉంది కదండీ. ఫిబ్రవరి పన్నెండు. నా చేత్తో నేనే వేశాను. నా ముద్ర నా జేబు దాటి బయటికి పోదు” అని కోటు లోపలి జేబులోంచి చిన్న తోలు సంచీ తీసి చూపించాడు. “సోగావా సెన్సెయ్ ముద్ర సంగతి నేను చెప్పలేను. అది ఎప్పుడూ సొరుగులో దొర్లుతూ ఉండేది. ఎవరైనా తీసుకోవచ్చు. ఆయనకి ఇలాంటి మర్యాదలంటే చులకన.”

“లావోస్ ట్రయల్ రెండేళ్ళు ఎందుకు నమోదు కాలేదు?”

షిమొజో టీ కప్పు కింద పెట్టాడు. “హమాతాని-సాన్, మన దగ్గర చట్టం ఉంది. మొదటి రోగి నోట్లో మొదటి మాత్ర పడకముందే ఆ ట్రయల్ వివరాలు నలుగురికీ కనబడేలా రిజిస్టర్‌లో ఎక్కాలి. అమెరికాలో, యూరప్‌లో సరేసరి. అక్కడ అడిగే నాథుడెవడు? వాళ్ళకి సొంత రిజిస్టరే లేదు. ఎక్కిస్తే మంచిదే, ఎక్కించకపోయినా ఎవరూ తలుపు తట్టరు.”

“ఎవరో తట్టినట్టున్నారే. అందుకేగా ఈ కాగితం.”

ఆయన కళ్ళు ఒక్క క్షణం నకలు మీద ఆగాయి.

“ఆ ఇద్దరికీ అప్పగించాం. వాళ్ళు చెయ్యలేదు. అంతకంటే నాకు తెలీదు.”

“అక్కడి రోగులకి ఏమైంది?”

“ముప్ఫైమంది మీద చేసిన చిన్న పరీక్ష. చెప్పుకోదగ్గ ఇబ్బందులేవీ లేవని కంపెనీ వాళ్ళన్నారు. సెన్సెయ్ గది చూడాలంటే తాళంచెవి ఇస్తాను.”

నిమ్మకు నీరెత్తినట్టున్న ఆ మొహం చూస్తే మినెకి ఒళ్ళు మండింది. మండినా, తలవంచి మర్యాదగా తాళంచెవి అందుకుంది.

సోగావా గదిని కజియామా మనుషులు ఇప్పటికే జల్లెడ పట్టారు. వాళ్ళు వేలిముద్రల కోసం వెతికారు, కాబట్టి గోడల్ని చూసి ఉండరు. బల్ల వెనక గోడకి ప్రపంచపటం ఒకటి అంటించి ఉంది. నమోదైన ట్రయల్ ఒక్కోదానికి ఒక్కో నల్లచుక్క. అమెరికా, యూరప్ మసి పూసినట్టున్నాయి. జపాన్ చుక్కల కింద మునిగిపోయింది. దక్షిణంగా వచ్చేకొద్దీ చుక్కలు పలచబడి, లావోస్ దగ్గర కాగితం తెల్లగా మిగిలింది. ఆ తెలుపులో సోగావా తన పేరు ముద్ర ఎర్రగా వేసుకున్నాడు. ఎందుకు వేశాడో మినెకి అర్థం కాలేదు. కోపమొచ్చి వేసి ఉంటాడనుకుంది.

సొరుగు లాగింది. పెన్నులు, దగ్గు బిళ్ళలు, స్టాంపు ప్యాడ్. ముద్ర లేదు. కజియామా వాళ్ళు పట్టుకెళ్ళి ఉంటారు. బల్ల మీద సెలవు చీటీలు, మందుల స్టాకు కాగితాలు, రకరకాల అనుమతులు. ప్రతిదానిలో సోగావా ముద్ర ఉంది. ఆమె వాటిని తిరగేస్తుండగా బల్ల మీది ఫోన్ మోగింది.

మినె ఎత్తింది. అవతలి ఆడగొంతు ఆగి ఆగి, జాగ్రత్తగా జపనీస్ మాట్లాడింది.

“సోగావా సెన్సెయ్ ఉన్నారా? మంగళవారం ఫోన్ చేస్తానన్నారు. చెయ్యలేదు. నేను డాక్టర్ విలయ్‌ఫోన్‌ని. లావోస్ నుంచి.”

మినె తన పేరు చెప్పింది. సోగావా పోయాడని చెప్పింది.

“ఎలా?” అంది విలయ్‌ఫోన్.

“మెట్ల మీంచి పడ్డారు. ఎవరో తోశారని మా అనుమానం. ఆయన మీతో ఏం మాట్లాడారో చెప్పగలరా?”

“నేనే ముందు ఆయనకి ఫోన్ చేశాను. మీ ఆసుపత్రి ట్రయల్ రిజిస్టర్‌లో ఎక్కినప్పుడు చూశాను. దాంట్లో రాశారు, ఈ మందు రోగులకి ఇవ్వడం ఇదే మొదటిసారి అని. మొదటిసారి ఏంటండీ? నా చేత్తో నేను ఇచ్చాను. మా వార్డులో ముప్ఫైమందికి.”

“వాళ్ళకి ఏమైంది?”

“రెండు నెలలు బాగున్నారు. చాలా బాగున్నారు. అన్నం తిన్నారు, నవ్వారు. మూడో నెల మొదట్లో డోసు రెట్టింపు చెయ్యాలి, అది కంపెనీ లెక్క. చేశాం. వారం తిరక్కుండా కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయి. మాకు రక్తం శుద్ధి చేసే మిషన్ ఒక్కటే ఉంది. పదకొండుమంది పోయారు.”

మినె కుర్చీ లాక్కుని కూర్చుంది.

“కంపెనీకి చెప్పలేదా?”

“ఆ వారమే చెప్పాను. వచ్చి కాగితాలన్నీ పెట్టెల్లో సర్దుకుని పట్టుకెళ్ళారు. ట్రయల్ రద్దయిందన్నారు. ఎక్కడా నమోదు కాని ట్రయల్‌కి ఫలితం ఎక్కడ రాస్తారు? మా వాళ్ళు పుట్టనూ లేదు, చావనూ లేదు మీ లెక్కలో. సోగావా సెన్సెయ్ మొదట నమ్మలేదు. నా దగ్గర మిగిలిన ఫోటోలు పంపితే నమ్మారు. సోమవారం సాయంత్రం ఫోన్ చేసి, డిప్యూటీ డైరెక్టర్‌కి చెప్పి ట్రయల్ ఆపిస్తాను, మీ ట్రయల్‌ని నేనే నమోదు చేయిస్తాను అన్నారు. ఆపించారా?”

“లేదు” అంది మినె.

“అయితే మీ వాళ్ళకి మూడో నెల ఎప్పుడు వస్తుంది?”

ఫిబ్రవరి చివరి వారంలో మొదలైంది. ఇది ఏప్రిల్ చివరి వారం. మళ్ళీ ఫోన్ చేస్తానని చెప్పి మినె పెట్టేసింది.

సోగావా వెళ్ళి చెప్పింది షిమొజోకే. అది ఈ డాక్టరమ్మ విన్న మాట మాత్రమే, సాక్ష్యం కాదు. కజియామా దాన్ని చెవి దగ్గరికి కూడా రానివ్వడు. మినె జేబులోంచి నకలు తీసి, బల్ల మీది మిగతా కాగితాల పక్కన పెట్టింది. ఏదో ఒకటి పట్టుకుని లాగాలి. ఆమె కళ్ళు గళ్ళ మీదికి పోయాయి.

గళ్ళలో ముద్ర ఎలా వెయ్యాలో ఈ దేశంలో ఏ బడిలోనూ నేర్పరు. అయినా ఆఫీసు ఉద్యోగం చేసిన ప్రతివాడికీ తెలుసు. పై అధికారి ముద్ర ఎడమన ఉంటుంది. కిందివాడు తన ముద్రని కాస్త ఎడమకి వంచి వేస్తాడు, ఆయనకి తలవంచి నమస్కారం పెట్టినట్టు. ఇంకా కిందివాడు ఇంకాస్త వంచుతాడు. చాలా చోట్ల ఇదంతా పోయింది, యుకిమిదాయ్‌లో పోలేదు. పోలీసుల్లోనూ పోలేదు. మినె ముద్ర ముప్ఫయ్యేళ్ళుగా వంగి వంగి, ఇంట్లో కొరియర్ చీటీ మీద వేసినా ఎడమకే ఒరుగుతుంది.

సోగావా ముద్రలు చూసింది. ఒక్కటీ వంగలేదు. సెలవు చీటీలో, స్టాకు కాగితంలో, గోడ మీది పటంలో కూడా గీత గీసినట్టు నిటారుగా ఉన్నాయి. మర్యాదలంటే చులకన అని షిమొజో అన్నాడు కదా. మరి ఈ నకలులో సోగావా ముద్ర డైరెక్టర్ వైపు వినయంగా వంగి ఉంది. అంటే అది ఆయన వేసింది కాదు.

ఆమె నకలు మడవబోయి ఆగింది. దీంతో ఇనామికి ఒరిగేదేమీ లేదు. ఆమే దొంగతనంగా వేసిందంటాడు కజియామా.

మళ్ళీ చూసింది. కుడి చివర ఇనామి ముద్ర బాగా వంగి ఉంది. దాని పక్క గడిలో షిమొజో ముద్ర. అది నిటారుగా ఉంది.

మినె లేచి పక్క ఆఫీసులోకి నడిచింది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల అనుమతుల ఫైళ్ళు కావాలంది. అక్కడి గుమాస్తా పై అనుమతి కావాలని నసిగింది. “మీ డిప్యూటీ డైరెక్టరే తాళంచెవి ఇచ్చి పంపాడమ్మా” అంది మినె. అబద్ధమేమీ కాదు. ఫైళ్ళు వచ్చాయి. నిలబడే తిరగేసింది. అవి మూసేసరికి మూడు దాటింది.

స్టేషన్‌కి వచ్చేసరికి కజియామా అప్పగింత కాగితాలు సర్దుకుంటున్నాడు. మినె ఫైళ్ళు మూడూ ఆయన బల్ల మీద దబ్బున పడేసింది.

“సోగావా ముద్ర వంగి ఉంది. ఆయన జన్మలో వంచలేదు” అంది.

“అయితే ఇనామి వేసింది. నా కేసు ఇంకా గట్టిపడింది, థాంక్స్.”

“షిమొజో ముద్ర చూడండి.”

“నిటారుగా ఉంది. అయితే?”

“ఫిబ్రవరి పన్నెండున ఆయన ఎవరు?”

“ఆఫీసు మేనేజరు.”

“సోగావా కంటే కింద. ఇదిగో ఫిబ్రవరి ఫైలు. ఇది చూడండి, ఇది చూడండి. సోగావా గడి వైపు ఎంత వంగిందో. ఇంకాస్త వంగితే పక్క గడిలో పడేది. మార్చి చివర దాకా ఒక్కటంటే ఒక్కటి నిటారుగా లేదు. ఇప్పుడు ఏప్రిల్ ఫైలు తిప్పండి. ఒకటో తేదీ నుంచి ఒక్కటీ వంగలేదు. డిప్యూటీ డైరెక్టర్ అయ్యాడు కదా, ఈ రోజువారీ కాగితాల్లో ఆయనకి పైన ఎవరూ లేరు. ఇక సోగావాకి ఎందుకు వంగుతాడు?”

కజియామా కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

“అంటే ఈ కాగితం ఏప్రిల్‌లో పుట్టిందంటారు.”

“సోగావా చచ్చాక పుట్టింది. తేదీ మార్చడం గుర్తుంది, పాత పదవి పేరు రాయడం గుర్తుంది. చెయ్యి మాత్రం కొత్త పదవిలో ఉంది. ఫిబ్రవరిలో నా చేత్తో నేనే వేశాను, నా ముద్ర జేబు దాటదు అని గంటన్నర కిందట నా మొహం మీద చెప్పాడు. డైరెక్టర్ ముద్రా, సోగావా ముద్రా కూడా ఆయనే వేసి ఉంటాడు. బతికుండగా వంగని మనిషిని చచ్చాక వంచాడు.”

“ముద్ర నిటారుగా ఉందని ఒక హంతకుణ్ణి మారుస్తామా? జడ్జి నవ్వుతాడు.”

“జడ్జి కూడా ఇరవయ్యేళ్ళు ముద్ర వంచినవాడే. మీ ముద్ర చూసుకోండి ముందు.”

కజియామా కళ్ళు అప్పగింత కాగితం మీదికి పోయాయి. సూపరింటెండెంట్ గడి వైపు ఆయన ముద్ర మర్యాదగా వంగి ఉంది. చెవులు ఎర్రబడ్డాయి.

“పోనీ, ఆమె ముద్ర కూడా ఉందిగా అందులో” అన్నాడు పట్టు వదలకుండా. “ఆమె ఎందుకు వేసింది? రెండు రోజుల నుంచి ఎందుకు నోరు మెదపడం లేదు? అది చెప్పండి, బండి ఆపుతాను.”

“అది ఆమే చెప్తుంది. మీరూ రండి.”

విచారణ గదిలో హత్సునొ అదే కుర్చీలో ఉంది. మినె ఎదురుగా కాకుండా ఆమె పక్కన కూర్చుంది.

“ఇనామి-సాన్, ఆ కాగితం మీద మీ ముద్ర ఎప్పుడు వేశారో నేను అడగను. మంగళవారం అని నాకు తెలుసు. మీకు తెలియంది ఒకటి చెప్తాను, వినండి. లావోస్‌లో ఈ మందు ముప్ఫైమందికి ఇచ్చారు. అది మీకు తెలుసా?”

“ఇచ్చారని తెలుసు. ఇబ్బందులేమీ రాలేదని షిమొజో-సాన్ అన్నారు.”

“పదకొండుమంది చచ్చిపోయారు.”

హత్సునొ మినె వైపు తిరిగింది.

“రెండు నెలలు బాగానే ఉన్నారట. తిన్నారట, నవ్వారట. మూడో నెల డోసు రెట్టింపు చేశాక వారంలో కిడ్నీలు పోయాయి. అక్కడి డాక్టరమ్మ ఇప్పుడే ఫోన్‌లో చెప్పింది. ఆ ట్రయల్ ఎక్కడా ఎక్కలేదు కాబట్టి ఆ చావులూ ఎక్కడా లేవు. సోగావా సెన్సెయ్‌కి తెలిసింది. ఆపించబోయాడు. అందుకే పోయాడు.”

హత్సునొ రెండు చేతులూ బల్ల అంచుని పట్టుకున్నాయి.

“సోమవారం సెన్సెయ్ నాతో అన్నారు, మందు ఆపాలి ఇనామి, కారణం రేపు పూర్తిగా చెప్తానని. నేను కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాను. ఆపొద్దు, మా ఆయన ఇప్పుడిప్పుడే లేచి కూర్చుంటున్నాడని ఏడ్చాను. ఆ మెట్ల దగ్గరే. ఆయన మీద కోపం వచ్చింది నాకు. కోపంతోనే కిందికి దిగి వెళ్ళిపోయాను.” ఆమె మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. “మంగళవారం పొద్దున షిమొజో-సాన్ కాగితం తెచ్చారు. ముద్ర వెయ్యి, ఎవరేం అడిగినా నోరు తెరవకు అన్నారు. ట్రయల్ ఆగితే మొదట పోయేది మీ ఆయనే అన్నారు. నేను జైలుకి పోయినా మందు ఆగదని మాటిచ్చారు. నేను, నేను ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను.”

కజియామా గోడకి ఆనుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. జాలిపడే మొహం పెట్టడం ఆయనకి అలవాటు లేదు. ఏం పెట్టాలో తెలీక తల పక్కకి తిప్పుకున్నాడు.

“మీ ఆయనకి డోసు ఎప్పుడు పెంచుతారు?” అడిగింది మినె.

హత్సునొ గోడ గడియారం వంక చూసింది. నాలుగుకి రెండు నిమిషాలు తక్కువ.

“ఇవాళే. నాలుగింటికి.”

మినె అప్పటికే ఫోన్‌లో వార్డు నంబరు నొక్కుతోంది. వార్డు నర్సు ఎత్తింది. ఆపమని చెప్తే, డిప్యూటీ డైరెక్టర్ గారి ఆదేశం లేకుండా ట్రయల్ మందు ఆపే అధికారం తనకి లేదంది. పోలీసులమని చెప్తే, అయితే ఆయన్నే కనుక్కుంటానంది.

“కనుక్కోకండి. ఆయనకి చెప్పకండి. మీరే గదిలోకి వెళ్ళి—”

“ఆయన ఇక్కడే ఉన్నారండీ. మూడింటికే వచ్చారు. మందు ట్రే నా చేతిలోంచి ఆయనే తీసుకుని లోపలికి వెళ్ళారు.”

మినె తనని తాను తిట్టుకుంది. మధ్యాహ్నం ఆ గదిలో తను అడిగిన ప్రశ్నలే షిమొజోని ఆ మంచం దగ్గరికి తోలాయి. రోగి పక్కన షిమొజో కూర్చున్నంతసేపూ ఇక్కడ ఇనామి నోరు తెరవదని ఆయన లెక్క. ఆ లెక్క ఇప్పుడే తప్పింది, ఆ సంగతి ఆయనకి ఇంకా తెలీదు.

“రోగి తనంతట తాను వద్దనొచ్చు” అంది హత్సునొ ఉన్నట్టుండి. గొంతులో నర్సు తిరిగొచ్చింది. “ట్రయల్‌లో ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానెయ్యొచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేనే అందరికీ చదివి వినిపిస్తాను ఆ ముక్క. ఆయనకి నేను చెప్పాలి. నేను చెప్తేనే వింటాడు.”

కస్టడీలో ఉన్న మనిషి చేతికి ఫోన్ ఇవ్వకూడదు. మినె కజియామా వైపు చూసింది. ఆయన తన సొంత ఫోన్ తీసి, స్పీకర్ నొక్కి, హత్సునొ ముందు బల్ల మీద పెట్టాడు. వెంటనే తలుపు తీసి కారిడార్‌లోకి అరిచి, యుకిమిదాయ్‌కి రెండు బళ్ళు పంపమన్నాడు.

హత్సునొ నంబరు నొక్కింది. నాలుగుసార్లు మోగాక ఎత్తాడు.

“ఎవరండీ?”

“నేను. తకుజి, నేను.”

“ఏమే, నువ్వా? ఎక్కడున్నావు? నిన్ను వదిలేశారా?” నీరసంగా ఉన్నా అతని గొంతులో ఆనందం పొంగింది. “షిమొజో-సాన్ ఇక్కడే ఉన్నారు. నీకు మంచి లాయరుని పెడతామంటున్నారు. ఎంత మంచివారో.”

“మందు మింగావా?”

“ఇవాళ్టి నుంచి రెండు కదా. ఒకటి మింగాను, రెండోది చేతిలో ఉంది.”

“మింగకు. కింద పారెయ్యి. నాకు వద్దు అని గట్టిగా చెప్పు. ఇంకేం చెప్పక్కర్లేదు, వద్దు అను చాలు.”

అటువైపు మంచం కిర్రుమంది.

“అదేంటే” అన్నాడు తకుజి అయోమయంగా. “ఒక్క పూట కూడా మానొద్దని రోజూ నా ప్రాణం తోడేసేది నువ్వే కదా.”

“అప్పుడు నాకు తెలీదు. తకుజి, నీకు దణ్ణం పెడతాను—”

ఫోన్‌లో గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత మెత్తటి గొంతు, చాలా దగ్గరగా.

“పాపం, స్టేషన్‌లో బాగా బెదరగొట్టినట్టున్నారు. ఏం మాట్లాడుతోందో ఆవిడకే తెలీడం లేదు. ఫోన్ ఇలా ఇవ్వండి, తకుజి-సాన్. ముందు ఆ మాత్ర వేసుకోండి.”

లైను తెగిపోయింది.